జాడీలో తడి చెయ్యి పెట్టొద్దు: గ్రేస్ హాపర్ జీవితం, మా పాత జావా కోడ్

మా ఇంట్లో ఎవరైనా చెప్పిందే చెప్తుంటే నాన్న దాన్ని పాత చింతకాయ పచ్చడి అని కొట్టిపారేస్తారు. అదే ఇంట్లో ఎవరికైనా జ్వరమొచ్చి నోరు చేదుగా ఉంటే అమ్మమ్మ జాడీ మూత తీసి, పొడి గరిటెతో అదే పాత చింతకాయ పచ్చడి కొంచెం తీసుకుని, మిరపకాయలేసి నూరి, ఇంగువ పోపు పెట్టి, వేడన్నంలో కలిపి పెడుతుంది. జాడీలో మాత్రం ఎవర్నీ తడి చెయ్యి పెట్టనివ్వదు. బూజు పడుతుందని భయం.

ఈ పచ్చడికీ జావాకీ సంబంధం ఏంటి అనుకుంటున్నారు కదా. ఈ సెమిస్టర్ మినీ ప్రాజెక్ట్‌లో దెబ్బ తినేదాకా నాకూ తెలీదు. (నేను ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియమే. తెలుగులో ఇంత పెద్ద వ్యాసం రాయడం ఇదే మొదటిసారి. ఒత్తులు దిద్దిన క్లబ్ అక్కలకి ముందే థాంక్స్.)

మా ప్రాజెక్ట్ ఒక లైబ్రరీకి కొత్త వెబ్ అప్లికేషన్ చెయ్యడం. ఆలస్యంగా పుస్తకం తిరిగిస్తే ఎంత ఫైన్ పడుతుందో లెక్కకట్టే కోడ్ అప్పటికే ఉంది. ఎప్పుడో పాసైపోయిన సీనియర్లు జావాలో రాశారు. మొత్తం ఒకే క్లాసు, పద్దెనిమిది వందల లైన్లు, ఒక్క కామెంట్ లేదు. మేం నలుగురం చూసి నవ్వుకున్నాం. ఇదంతా తీసిపారేసి కొత్తగా రాద్దామని ముందు అన్నది నేనే. రెండు వారాల్లో రాసేశాం. చూడ్డానికి ముచ్చటగా ఉంది. తర్వాత మొదటి ఫైన్ల లిస్టు వచ్చింది. సంక్రాంతికి ఊరెళ్ళొచ్చిన వాళ్ళందరికీ ఆ సెలవు రోజులకి కూడా ఫైన్ పడింది. ఫస్టియర్ అబ్బాయి ఒకడు ఎవర్నీ ఏమీ అడక్కుండా కట్టేశాడు కూడా. పాత కోడ్‌లో మాకు అర్థంకాక చెత్త అనుకుని వదిలేసిన ఇఫ్ కండిషన్ ఒకటుంది. సెలవుల్ని లెక్కలోంచి తీసేసే రూల్ అదే. ఆ అబ్బాయికి డబ్బులు తిరిగిచ్చేటప్పుడు నాకు తల కొట్టేసినట్టయింది.

పాతదాన్ని మళ్ళీ తెచ్చి పెట్టుకుని, దాన్ని విప్పకుండా కొత్తదానితో కలపమని మా గైడ్ మేడం చెప్పారు. ఆ పని నేర్చుకుంటూ, ఒకసారి రాసిన కోడ్‌ని మళ్ళీ మళ్ళీ వాడుకోవడం అనే ఆలోచన ఎక్కణ్ణుంచి వచ్చిందా అని చదువుతూ పోతే గ్రేస్ హాపర్ దగ్గర ఆగిపోయాను. మనం ఆమెని కోబాల్ పేరుతోనో, కంప్యూటర్‌లో దొరికిన పురుగు కథతోనో ఒక మార్కు ప్రశ్నలో చదివి వదిలేస్తాం. ఆమె జీవితం మొత్తం చదివితే మా ప్రాజెక్టే కనిపించింది.

ఏడు గడియారాలు

గ్రేస్ 1906 డిసెంబర్ 9న న్యూయార్క్‌లో పుట్టింది. నాన్నది ఇన్సూరెన్స్ వ్యాపారం. ఏడేళ్ళప్పుడు ఇంట్లో అలారం గడియారం ఎలా పనిచేస్తుందో చూద్దామని విప్పింది. మళ్ళీ బిగించడం రాలేదు. ఎలా ఉండాలో చూసుకుందామని ఇంకోటి విప్పింది. అలా ఇంట్లో ఉన్న ఏడు గడియారాలూ విప్పేసింది. వాళ్ళమ్మ కొట్టలేదు, ఇకనుంచి ఒక్క గడియారంతోనే ఆడుకోమని చెప్పిందంతే. ఇది చదివినప్పుడు మా నలుగురి గ్రూప్ ఫోటో గుర్తొచ్చింది నాకు.

వాసర్ కాలేజీకి మొదటిసారి అప్లై చేసినప్పుడు లాటిన్‌లో మార్కులు సరిపోక సీటు రాలేదు. ఏడాది ఆగి మళ్ళీ రాసి చేరింది. 1928లో లెక్కలు, ఫిజిక్స్‌తో డిగ్రీ, 1930లో యేల్‌లో మాస్టర్స్, 1934లో అక్కడే లెక్కల్లో పీహెచ్‌డీ. అదే 1930లో విన్సెంట్ హాపర్ అనే సాహిత్యం చెప్పే అధ్యాపకుణ్ణి పెళ్ళి చేసుకుంది. వాసర్‌లోనే లెక్కల టీచరుగా కుదురుకుంది. ఇక్కడితో కథ ఆగిపోయినా అది మంచి జీవితమే.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. నేవీలో చేరాలనుకుంది. వయసు ఎక్కువన్నారు. బరువు కనీసం 120 పౌండ్లు ఉండాలి, ఆమెకి 15 పౌండ్లు తక్కువ. ప్రత్యేక అనుమతి తెచ్చుకుని మరీ 1943 డిసెంబర్‌లో చేరింది. అప్పటికి 37 ఏళ్ళు. తనకంటే బాగా చిన్నవాళ్ళతో ట్రైనింగ్ చేసి క్లాసులో ఫస్ట్ వచ్చింది. పెళ్ళి మాత్రం నిలబడలేదు, 1945లో విడాకులయ్యాయి. పేరులో హాపర్ అలాగే ఉండిపోయింది.

నోటుబుక్కుల్లో కోడ్

నేవీ ఆమెని 1944 జులైలో హార్వర్డ్‌కి పంపింది. అక్కడ హోవర్డ్ ఐకెన్ అనే ప్రొఫెసర్ దగ్గర మార్క్ 1 అనే మెషీన్ ఉంది. పొడవు 51 అడుగులు, ఎత్తు 8 అడుగులు. సెకనుకి మూడు కూడికలు చేసేది. కాగితం టేపు మీద చిల్లులు పొడిచి దానికి ఆజ్ఞలు ఇవ్వాలి. ఆమె వచ్చిన కొన్నాళ్ళకే దాని మాన్యువల్ రాసే పని ఐకెన్ ఆమెకే అప్పగించాడు. 500 పేజీలు దాటిన ఆ పుస్తకం 1946లో అచ్చయింది.

అందరికీ తెలిసిన పురుగు కథ ఆ తర్వాతి మెషీన్ మార్క్ 2ది. 1947 సెప్టెంబర్‌లో ఒక రిలేలో చిక్కుకున్న చిమ్మటని తీసి లాగ్ పుస్తకంలో టేపుతో అంటించారు. దాన్ని పట్టుకున్నది ఆమె కాదు, ఆమెతో పనిచేసేవాళ్ళు. బగ్ అనే మాట కూడా అంతకుముందే ఇంజినీర్ల నోట్లో ఉంది. ఆమె ఆ కథని అందరికీ సరదాగా చెప్పేది కాబట్టి ఆమె పేరు మీద నిలిచిపోయింది.

నాకు నచ్చింది వేరే కథ. సైను విలువ, వర్గమూలం లాంటి లెక్కలు ప్రతి ప్రోగ్రామ్‌లోనూ కావాలి. ఎవరైనా ఒకసారి సరిగ్గా రాసి, నడిపి చూసుకుంటే ఆ ముక్కని నోటుబుక్‌లో దాచుకునేవాళ్ళు. ఇంకొకరికి కావాల్సొస్తే ఆ నోటుబుక్ అడిగి తెచ్చుకుని చూసి రాసుకోవడమే. మనం అసైన్‌మెంట్లు పంచుకున్నట్టే అన్నమాట. తర్వాత యూనివాక్ లాంటి మెషీన్లలో ప్రోగ్రామ్ మెమరీలోనే ఉండటం మొదలయ్యాక దీనికి ఇంకో తలనొప్పి తోడైంది. నోటుబుక్‌లో ముక్క సున్నా అడ్రస్ నుంచి మొదలవుతుంది. మన ప్రోగ్రామ్‌లో అది ఏ 340వ స్థానంలోనో కూర్చుంటుంది. అంటే ముక్కలో ఉన్న ప్రతి అడ్రస్‌కీ 340 కలుపుతూ రాసుకోవాలి. ప్రోగ్రామర్లు కూడికల్లో తప్పులు చేసేవాళ్ళు, చూసి రాయడంలోనూ తప్పులు చేసేవాళ్ళు. ముక్క మంచిదే, దాన్ని అతికించే చెయ్యే తడిది.

ఏ-జీరో

యుద్ధమయ్యాక హార్వర్డ్‌లో ఆమెకి శాశ్వత ఉద్యోగం దొరకలేదు. 1949లో ఫిలడెల్ఫియాలో ఎకర్ట్, మాక్లీ పెట్టిన చిన్న కంప్యూటర్ కంపెనీలో చేరింది. యూనివాక్ తయారైంది అక్కడే. ఆ రోజుల్లో ఆమె బాగా కుంగిపోయింది, తాగుడు ఎక్కువై స్నేహితులు భయపడ్డారు కూడా. మనం పోస్టర్ల మీద చూసే యూనిఫాం ఆవిడ వెనక ఈ మనిషి కూడా ఉందని గుర్తుంచుకోవాలి. 

ఆ పరిస్థితుల్లోనే 1951, 52 మధ్య ఏ-జీరో తయారుచేసింది. నోటుబుక్కుల్లో ఉండే ముక్కలన్నీ టేపు మీదకి ఎక్కించి ఒక్కోదానికి ఒక్కో పిలుపు గుర్తు ఇచ్చింది. ప్రోగ్రామర్ చెయ్యాల్సిందల్లా తనకి ఏ ముక్కలు ఏ వరుసలో కావాలో, వాటికి ఏ విలువలు ఇవ్వాలో చెప్పడమే. టేపులోంచి ముక్కని వెతికి తేవడం, అడ్రస్‌లు సరిచెయ్యడం, వరుసలో అమర్చడం మెషీనే చేస్తుంది. ఈ అమర్చే ప్రోగ్రామ్‌ని ఆమె కంపైలర్ అంది. మనం ఇప్పుడు కంపైలర్ అనేదానికంటే లింకర్, లోడర్‌లకి ఇది దగ్గర. 1952 మేలో పిట్స్‌బర్గ్‌లో జరిగిన సభలో దీని మీద పేపర్ చదివింది. చాలామంది నమ్మలేదు. కంప్యూటర్ లెక్కలు చేస్తుంది గానీ ప్రోగ్రామ్ రాయడమేంటని వాళ్ళ సందేహం.

ఇక్కడ మా ప్రాజెక్ట్‌కి వస్తాను. జావాలో డిపెండెన్సీ ఇంజెక్షన్ అని ఒక పద్ధతి ఉంది. పేరు విని భయపడొద్దు. ఒక క్లాసుకి పని చెయ్యడానికి ఇంకో క్లాసు కావాలనుకోండి. తనే లోపల న్యూ అని రాసి దాన్ని తయారుచేసుకోవచ్చు. లేదా నాకు ఇలాంటిది ఒకటి కావాలి అని కన్‌స్ట్రక్టర్‌లో చెప్పి ఊరుకోవచ్చు. రెండో పద్ధతిలో బయటున్న ఇంకెవరో దాన్ని తెచ్చి చేతికిస్తారు. స్ప్రింగ్, జ్యూస్ లాంటి ఫ్రేమ్‌వర్కులు చేసేది ఆ అందించే పనే. దీనివల్ల లాభం ఏంటంటే, రేపు ఇచ్చేదాన్ని మార్చినా తీసుకునే క్లాసులో ఒక్క అక్షరం కూడా మార్చక్కర్లేదు.

ఏ-జీరో డిపెండెన్సీ ఇంజెక్షన్ అని నేను అనట్లేదు, రెండూ వేరు. పోలిక ఒక్క చోటే ఉంది. కావాల్సినదాని పేరు చెప్పేవాళ్ళు ఒకళ్ళు, దాన్ని తెచ్చి అమర్చేవాళ్ళు ఇంకొకళ్ళు. ఈ రెండు పనుల్నీ విడదీస్తే చాలా తప్పులు వాటంతటవే పోతాయని ఆమె అప్పుడే పట్టుకుంది.

మధ్యలో ఒక మూల

ఏ-జీరో రాసేటప్పుడు ఒక చిక్కొచ్చింది. టేపుని మొదటినుంచి చివరిదాకా ఒక్కసారే నడపాలి. వెనక్కి దూకమంటే పర్లేదు, ఆ స్థానం ఇప్పటికే తెలుసు. ముందుకి దూకాలంటే ఇంకా రాని ముక్క ఎక్కడ కూర్చుంటుందో ఎవరికి తెలుసు? 

దీనికి ఆమె కాలేజీ రోజుల్లో ఆడిన బాస్కెట్‌బాల్‌లోంచి జవాబు దొరికింది. అప్పటి ఆడపిల్లల ఆట రూల్స్ ప్రకారం బంతిని ఒక్కసారి మించి నేలకి కొట్టకూడదు. అందుకని బంతి పక్కనున్న అమ్మాయికి ఇచ్చి, తను ముందుకి పరిగెత్తి, మళ్ళీ అందుకునేవాళ్ళు. ఆమె కూడా మెమరీ చివర్న ఒక చిన్న మూల కేటాయించింది. ముందుకి దూకాల్సినప్పుడు ప్రోగ్రామ్ ఆ మూలకి దూకుతుంది. అసలు ముక్క వచ్చి తన స్థానంలో కూర్చున్నాక, ఆ మూల నుంచి దాని దగ్గరికి దారి వేస్తారు. పిలిచేవాడికి అసలు ముక్క ఎక్కడుందో తెలియక్కర్లేదు, మూల ఎక్కడుందో తెలిస్తే చాలు.

మేం పాత ఫైన్ కోడ్‌కి కట్టిన మూల ఎలాంటిదో చెప్తాను. ఆ పాత క్లాసుని స్ప్రింగ్ చేతికి నేరుగా ఇవ్వలేం. దాని కన్‌స్ట్రక్టర్ ప్రైవేట్. గెట్ ఇన్‌స్టెన్స్ అనే స్టాటిక్ మెథడ్‌తోనే దొరుకుతుంది. లోపల డేటాబేస్ కనెక్షన్ కూడా తనే తెరుచుకుంటుంది. దాని మీద స్ప్రింగ్ గుర్తులు పెడదామంటే ఫైల్ ముట్టుకోకూడదని ఒట్టు పెట్టుకున్నాం. సోర్స్ దొరకని పాత జార్ ఫైలైతే ముట్టుకుందామన్నా కుదరదు.

మొదట ఒక ఇంటర్‌ఫేస్ రాశాం. పాత క్లాసులో నలభై మెథడ్లున్నాయి, మాకు కావాల్సినవి మూడే. ఆ మూడే రాశాం, అది కూడా మా కొత్త కోడ్‌కి అర్థమయ్యే పేర్లతో. పాతదాన్ని చూసి ఇంటర్‌ఫేస్ రాస్తే పాతదాని వంకరలన్నీ కొత్తదానికి అంటుకుంటాయి. అందుకే మనకేం కావాలో చూసుకుని రాయాలి.

తర్వాత ఆ ఇంటర్‌ఫేస్ ప్రకారం ఒక అడాప్టర్ క్లాసు. పాత ఆబ్జెక్ట్‌ని కన్‌స్ట్రక్టర్‌లో తీసుకుని లోపల పెట్టుకుంటుంది. కొత్త కోడ్ అడిగింది పాతదానికి అర్థమయ్యేలా మార్చి అడుగుతుంది, జవాబు మళ్ళీ మార్చి ఇస్తుంది. పాత క్లాసు తేదీని స్ట్రింగ్‌గా అడిగితే అడాప్టర్ లోకల్ డేట్‌ని స్ట్రింగ్‌గా మారుస్తుంది. తప్పొచ్చినప్పుడు పాతది మైనస్ ఒకటి ఇస్తే అడాప్టర్ దాన్ని ఎక్సెప్షన్‌గా మారుస్తుంది. ఫైన్ లెక్క మాత్రం అడాప్టర్‌లో ఒక్క లైన్ కూడా ఉండకూడదు. అనువాదం ఒక్కటే దాని పని.

చివరికి ఒక కాన్ఫిగరేషన్ క్లాసు. అందులో బీన్ అని గుర్తు పెట్టిన మెథడ్ ఒకటి గెట్ ఇన్‌స్టెన్స్‌ని పిలిచి, వచ్చినదాన్ని అడాప్టర్ చేతికిచ్చి, ఆ అడాప్టర్‌ని స్ప్రింగ్‌కి అప్పగిస్తుంది. మొత్తం ప్రాజెక్ట్‌లో పాత క్లాసు పేరు తెలిసినవి ఈ రెండు ఫైళ్ళే. మిగతా అందరికీ ఇంటర్‌ఫేసే తెలుసు. పొడి గరిటె అంటే ఇదే.

మూడు భాషలు

మన తెలుగు క్లబ్ వాళ్ళకి బాగా నచ్చే ఘట్టం ఇప్పుడొస్తుంది. ఏ-జీరో తర్వాత హాపర్ దృష్టి వ్యాపార లెక్కల మీదకి మళ్ళింది. జీతాలు, సరుకు నిల్వలు చూసేవాళ్ళు లెక్కల గుర్తులు చూస్తే బెదిరిపోతారు. వాళ్ళకోసం ఇంగ్లీష్ మాటలతో ప్రోగ్రామ్ రాసే వీలుండాలి అని పట్టుబట్టింది. 1955లో పైవాళ్ళని ఒప్పించడానికి ఒక చిన్న ప్రోగ్రామ్ చూపించింది. మొదట ఇంగ్లీష్ మాటలతో. తర్వాత అదే ప్రోగ్రామ్ ఫ్రెంచ్ మాటలతో. తర్వాత జర్మన్ మాటలతో.

ఆమె లెక్క చాలా సింపుల్. మాట ఏదైనా మెషీన్‌కి అది గుర్తుల వరుసే. పైన ఏ భాష పెట్టినా కింద అదే పని జరుగుతుంది. పైవాళ్ళు మాత్రం కంగారుపడ్డారు. అమెరికాలో తయారైన మెషీన్‌కి ఫ్రెంచ్, జర్మన్ ఎలా అర్థమవుతాయని వాళ్ళ గోల. ఇక ఇంగ్లీష్ ఒక్కటే అని ఆమె మాటివ్వాల్సొచ్చింది. అలా వచ్చిందే ఫ్లో-మ్యాటిక్.

ఇది చదివి నేను చాలాసేపు ఆలోచించాను. మేం మా ఇంటర్‌ఫేస్‌తో చేసింది కూడా ఇదే కదా. లోపలి పని అదే, పలకరించే భాష వేరు. ఆ రోజు ఆ గదిలో నాలుగో కాగితం తెలుగులో ఉన్నా మెషీన్‌కి తేడా తెలిసేది కాదు.

కోబాల్, నేవీ పిలుపు

1959లో అమెరికా రక్షణ శాఖ పెద్ద కంపెనీల వాళ్ళని కూర్చోబెట్టి అన్ని మెషీన్ల మీదా నడిచే ఒక వ్యాపార భాష కావాలంది. దాన్నుంచి కోబాల్ వచ్చింది. దాన్ని రాసింది ఒక కమిటీ, అందులో జీన్ శామెట్ లాంటి వాళ్ళు బాగా కష్టపడ్డారు. హాపర్ సలహాదారు. కానీ కోబాల్‌లో ఫ్లో-మ్యాటిక్ పోలికలు చాలా ఉన్నాయి. 1960 డిసెంబర్‌లో ఒకే కోబాల్ ప్రోగ్రామ్‌ని రెండు వేర్వేరు కంపెనీల మెషీన్ల మీద నడిపి చూపించారు. మెషీన్ మారినా ప్రోగ్రామ్ మారక్కర్లేదని అప్పుడు జనానికి నమ్మకం కుదిరింది.

1966 చివర్లో, అరవై ఏళ్ళు నిండగానే, నేవీ ఆమెని రిటైర్ చేసింది. తన జీవితంలో అంత బాధ పడ్డ రోజు లేదని తర్వాత చెప్పుకుంది. ఏడు నెలలు తిరిగేసరికి, 1967 ఆగస్టులో, నేవీయే మళ్ళీ పిలిచింది. ఆరు నెలల పని అన్నారు. నేవీలో ఒక్కో చోట ఒక్కో రకం కోబాల్ నడుస్తోంది, దాన్ని దారిలో పెట్టాలి. ఆ ఆరు నెలలు సాగుతూనే పోయాయి. 1971లో మళ్ళీ రిటైర్ చేసి 1972లో మళ్ళీ పిలిచారు. పాతదని పక్కన పెట్టి, అది లేకపోతే పని నడవదని మళ్ళీ తెచ్చుకోవడం కోడ్‌కే జరుగుతుందనుకున్నా, మనిషికీ జరిగింది.

అక్కడ ఆమె బృందం చేసిన ముఖ్యమైన పని పరీక్షలు రాయడం. ఒక కంపెనీ తన కంపైలర్ కోబాల్ ప్రమాణానికి సరిపోతుందంటే ఊరికే నమ్మరు. ముందే రాసిపెట్టిన ప్రోగ్రామ్‌లు దాని మీద నడిపి, రావాల్సిన జవాబే వస్తోందా అని చూస్తారు.

మేం మొదట చెయ్యనిది ఇదే. రెండోసారి పాత కోడ్‌ని ముట్టుకోకముందే మూడొందల పాత రసీదుల వివరాలు దానికి ఇచ్చి, అది చెప్పిన ఫైన్లన్నీ ఒక ఫైల్‌లో దాచాం. అది సరిగ్గా చెప్పిందా తప్పు చెప్పిందా అని అప్పుడు అడగలేదు. ఇప్పుడు ఏం చెప్తోందో రాసుకున్నాం, అంతే. అడాప్టర్ కట్టాక అవే వివరాలు కొత్త దారిలో పంపి పోల్చాం. సెలవుల ఇఫ్ కండిషన్ మాత్రమే కాదు, ఇంకో రెండు రూల్స్ ఉన్నాయని అప్పుడు తెలిసింది.

వెనక్కి తిరిగే గడియారం

ఇదంతా చదివి హాపర్ పాతదాన్ని పట్టుకుని వేలాడే మనిషి అనుకుంటే పొరపాటు. ఎప్పట్నుంచో ఇలాగే చేస్తున్నాం అనే మాట ఆమెకి అస్సలు పడదు. ఆమె ఆఫీసులో ముళ్ళు వెనక్కి తిరిగే గడియారం ఉండేది. చూసేవాళ్ళకి కొత్తగా ఉంటుంది, కానీ టైమ్ సరిగ్గానే చెప్తుంది. ఏడేళ్ళప్పుడు గడియారాలు విప్పిన పిల్ల పెద్దయ్యాక గడియారంతోనే పాఠం చెప్పింది. అలవాటు వేరు, పని వేరు. అలవాటుని ఎప్పుడైనా మార్చొచ్చు. సరిగ్గా జరుగుతున్న పనిని మాత్రం తెలుసుకోకుండా పారేయకూడదు. మా మొదటి ప్రయత్నంలో మేం ఈ రెండిటినీ కలిపేశాం. కోడ్ రాసిన తీరు నచ్చలేదని అది చేస్తున్న పనినే పారేశాం.

ఆమె ఉపన్యాసాల్లో వైరు ముక్కలు కూడా పంచేది. ఒక్కోటి 11.8 అంగుళాలు. కాంతి ఒక నానోసెకనులో పోగలిగే గరిష్ఠ దూరం అది. మైక్రోసెకను చూపించడానికి దాదాపు వెయ్యి అడుగుల వైరు చుట్ట తెచ్చేది. మా టీమ్‌లో ఒకడు మధ్యలో ఇంకో క్లాసు పెడితే స్లో అవుతుందని వాదించాడు. అడాప్టర్ మెథడ్ ఒకసారి పిలిస్తే అయ్యే ఖర్చు ఇలాంటి కొన్ని వైరు ముక్కలు. డేటాబేస్‌ని ఒకసారి అడగడానికి మిల్లీసెకను పడితే, అదే లెక్కన ఆ వైరు 300 కిలోమీటర్లు, హైదరాబాద్ నుంచి విజయవాడ దాటిపోతుంది. వాదన అక్కడితో ఆగిపోయింది.

చుట్టినంత మాత్రాన అన్నీ బాగుపడవని కూడా చెప్పాలి. పాత క్లాసులో స్టాటిక్ వేరియబుల్స్ ఉంటే అవి అలాగే ఉంటాయి. ఇద్దరు ఒకేసారి పుస్తకాలు తిరిగిస్తే మా పాత కోడ్ ఒకరి లెక్క ఇంకొకరికి కలిపేసేది, ఎందుకంటే అది ఒక్క లైబ్రేరియన్ ఒక్క కంప్యూటర్ మీద వాడటానికి రాసింది. అడాప్టర్‌లో సింక్రనైజ్డ్ పెట్టి ఒకరి తర్వాత ఒకర్ని పంపాం. అది తాత్కాలికమే. చుట్టు మీద చుట్టు కట్టుకుంటూ పోతే కొన్నాళ్ళకి అడాప్టరే ఇంకో పాత కోడ్ అవుతుంది. లాభం ఏంటంటే ఇప్పుడు తొందర లేదు. ఇంటర్‌ఫేస్ వెనక ఒక్కో మెథడ్ కొత్తగా రాసి, మూడొందల రసీదులతో పోల్చి, సరిపోతేనే మార్చొచ్చు. కొత్త కోడ్‌ని పరీక్షించేటప్పుడు పాతదాని బదులు ఒక నకిలీ క్లాసు ఇస్తే డేటాబేస్ కూడా అక్కర్లేదు.

చివరి రోజులు

1986 ఆగస్టులో, 79 ఏళ్ళ వయసులో, రియర్ అడ్మిరల్‌గా ఆమె చివరిసారి రిటైరైంది. అప్పటికి నేవీలో పనిలో ఉన్న అధికారుల్లో అందరికంటే పెద్దది ఆమే. వీడ్కోలు బోస్టన్‌లో యూఎస్ఎస్ కాన్‌స్టిట్యూషన్ అనే ఓడ మీద జరిగింది. అది 1797లో నీళ్ళలోకి దిగిన ఓడ. ఇంకెవరైనా ఇంట్లో కూర్చునేవాళ్ళు. ఆమె వెంటనే డిజిటల్ ఎక్విప్‌మెంట్ అనే కంప్యూటర్ కంపెనీలో సలహాదారుగా చేరి, ఊరూరూ తిరిగి కుర్రాళ్ళతో మాట్లాడింది.

1999 డిసెంబర్ 31 రాత్రి దాకా బతికి కొత్త సంవత్సరం పార్టీ చూడాలని ఆమెకి సరదా ఉండేది. 1992 జనవరి 1నే చనిపోయింది. ఆర్లింగ్టన్ శ్మశానంలో సైనిక గౌరవాలతో సమాధి చేశారు. 1997లో నేవీ ఒక యుద్ధనౌకకి ఆమె పేరు పెట్టి సేవలోకి తీసుకుంది. 2016లో అమెరికా ప్రభుత్వం ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ ఇచ్చింది.

ఆమె చూడాలనుకున్న ఆ రాత్రి అందరూ భయపడ్డ రాత్రి. పాత ప్రోగ్రామ్‌లలో సంవత్సరాన్ని రెండంకెలతోనే రాసుకున్నారు, 2000 వస్తే 00 అవుతుంది. వాటిలో చాలా భాగం కోబాలే. ఆ పని కోసం తొంభైల్లో అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్లలో కోబాల్ నేర్చుకుని విమానం ఎక్కినవాళ్ళు మన ఇళ్ళల్లో ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు. మా పెద్దమామయ్య వాళ్ళలో ఒకడు. ఫోన్ చేసి అడిగితే అప్పట్లో వాళ్ళకి చెప్పిన మొదటి రూల్ గుర్తుచేసుకున్నాడు. ఆ లైన్ ఎందుకుందో తెలిసేదాకా తియ్యకూడదు. ఇప్పటికీ బ్యాంకుల్లో చాలా లెక్కలు కోబాల్‌లోనే నడుస్తున్నాయి. బయట మనం చూసే యాప్ జావాలో ఉండొచ్చు, లోపలికెళ్తే అమ్మమ్మ జాడీయే.

మా ప్రాజెక్ట్ ఇప్పుడు నడుస్తోంది. ఉగాది సెలవులకి ఎవరికీ ఫైన్ పడలేదు. పాత ఫైల్ మొదట్లో సీనియర్ల పేర్లేం లేవు, వాళ్ళెవరో మాకు తెలీదు. అడాప్టర్ మొదట్లో నేను ఒక కామెంట్ రాశాను, తెలుగులోనే: సెలవుల లెక్క లోపల ఉంది, తడి చెయ్యి పెట్టొద్దు. మా తర్వాత వచ్చే జూనియర్లు మా కోడ్ చూసి ఎలాగూ నవ్వుకుంటారు. నవ్వుకోనివ్వండి. తియ్యబోయే ముందు అది చదివితే చాలు.